ఇంటి లెక్కలు: ఇల్లొక రాష్ట్రము, కొలువొక రాష్ట్రము



పూర్వము కొలువునకు పోవలెనన్న గడప దాటవలసియుండెను. ఇప్పుడు కొలువే గడప దాటి యింటిలోనికి వచ్చినది. 2020వ సంవత్సరమున కరోనా మహమ్మారి వ్యాపించినది మొదలుకొని, అమెరికాలోని మన తెలుగు కుటుంబములలో నింటియందే కూర్చుండి దూరపు కంపెనీలకు పనిచేయు దంపతులు పెక్కురు కనబడుచున్నారు. వంటయింటి ప్రక్క గదిలో కంప్యూటరు ముందు గూర్చున్న యిల్లాలికి జీతమిచ్చు యజమాని వేయి మైళ్ల దూరమున, వేఱొక రాష్ట్రమున నుండవచ్చును. పిల్లలు బడినుండి వచ్చువేళకు తల్లి యింట నుండును. పెద్దలకు జబ్బుచేసినచో కనిపెట్టుకొని యుండవచ్చును. అద్దెలు తక్కువగల యూరికి కాపురము మార్చుకొనవచ్చును. ఇవన్నియు మంచివే. కాని యీ సౌకర్యము వెనుక నొక పన్నులెక్క దాగియున్నది. దానిని ముందుగా చూచుకొనక కాపురము మార్చినవారికి, రెండేండ్లకో మూడేండ్లకో, తాము విడిచివచ్చిన రాష్ట్రమునుండి యొకటియు, చేరిన రాష్ట్రమునుండి యొకటియు తాఖీదులు రావచ్చును. కావున నీ నెల యీ లెక్కను గూర్చి వ్రాయదలచితిమి. అచ్చట కాపురమున్న సోదరీమణులకే కాక, కూతులను కోడండ్రను అచ్చటికి పంపిన తల్లులకును ఇది యుపయోగింపగలదని మా నమ్మకము.

మన దేశమున నున్నవారికి ఈ చిక్కు వినుటకే వింతగా దోచును. భారత రాజ్యాంగము వ్యవసాయేతరమైన యాదాయముపై పన్ను విధించు నధికారమును కేంద్రమునకే యిచ్చినది. హైదరాబాదు కంపెనీలోని యుద్యోగిని బెజవాడలో పుట్టింట కూర్చుండి పనిచేసినను, బెంగుళూరునకు పోయి చేసినను ఆదాయపుపన్ను ఒక్కటే, పుచ్చుకొనువారును ఒక్కరే. జీతగాండ్రనుండి రాష్ట్రములు పుచ్చుకొనునది వృత్తిపన్ను మాత్రము. అదియు రాజ్యాంగము ననుసరించి యొక మనిషికి సంవత్సరమునకు 2,500 రూపాయలకు మించరాదు. ఆంధ్రప్రదేశమునందును తెలంగాణమునందును ఉద్యోగస్థులకు ఎక్కువపక్షము నెలకు 200 రూపాయలతో తీరిపోవును. ఈ యలవాటుతో పోయినవారు అమెరికాలోను పన్నొక్కటే యని తలంచుట సహజమే.

అచ్చట నట్లు కాదు. సమాఖ్యప్రభుత్వము వేయు నాదాయపుపన్ను గాక, రాష్ట్రములు తమ పన్నును వేఱుగా వేయును. విస్కాన్సిన్ రాష్ట్రము 1911లో దారి చూపగా, న్యూయార్కు 1919లోను, న్యూజెర్సీ 1976లోను ఆ దారిని పట్టినవి. 2025 నాటికి నలువదియొక్క రాష్ట్రములును, రాజధానియగు కొలంబియా జిల్లాయును జీతముపై పన్ను వేయుచుండెను. టెక్సాసు, ఫ్లోరిడా, టెనెసీ, నెవాడా, వాషింగ్టను రాష్ట్రము, న్యూహాంప్‌షైరు, అలాస్కా, దక్షిణ డకోటా, వయోమింగు అను తొమ్మిదింట జీతముపై రాష్ట్రపుపన్ను లేకుండెను. మనవారు టెక్సాసునకు కాపురములు మార్చుటకు ఉద్యోగములు, ఇండ్ల ధరలు కారణములైనట్లే యీ పన్ను లేమియు నొక కారణము.

ఇక నొక రాష్ట్రమునకు మనిషిపై పన్నుహక్కు రెండు విధముల గలుగును. మొదటిది నివాసహక్కు. ఏ రాష్ట్రమున కాపురముందుమో, ఆ రాష్ట్రము మన యాదాయ మెచ్చటినుండి వచ్చినను మొత్తముపై పన్ను అడుగును. రెండవది సంపాదనహక్కు. మనము కాపురము లేని రాష్ట్రమున పోయి సంపాదించినచో, అచ్చట సంపాదించిన భాగముపై ఆ రాష్ట్రమును పన్ను అడుగును. ఈ రెండవ హక్కును అమెరికా సుప్రీముకోర్టు 1920లోనే యొప్పుకొనెను. చికాగోవాసి యొకడు తనకు ఓక్లహోమా రాష్ట్రమున నున్న నూనెబావులపై వచ్చు నాదాయమునకు ఆ రాష్ట్రము పన్ను వేయరాదని వాదింపగా, వేయవచ్చునని తీర్పు వచ్చెను. అదే దినమున మఱియొక వ్యాజ్యమున, పొరుగు రాష్ట్రములనుండి వచ్చి పనిచేయువారిపై న్యూయార్కు పన్ను వేయవచ్చును గాని, తనవారికిచ్చు మినహాయింపులను వారికి లేవనరాదని చెప్పెను. నూఱేండ్లు గడచినను నేటి చిక్కులకు మూలము అచ్చటనే యున్నది.

రెండు రాష్ట్రములు నొక్క జీతమునే పట్టుకొన్నచో సంసారి గతి యేమి? ఇందుకు నివాసరాష్ట్రములు సామాన్యముగా నొక యుపాయము చేసినవి. పొరుగు రాష్ట్రమునకు కట్టిన పన్నును తమ పన్నులో తగ్గించుకొననిచ్చును. దీనినే యచ్చట క్రెడిటు అందురు. ఇది కేవలము దయ కాదని 2015లో మేరీలాండు రాష్ట్రపు వ్యాజ్యమున తేలినది. పొరుగు రాష్ట్రములకు కట్టిన పన్నునకు మేరీలాండు తన జిల్లాపన్నులో తగ్గింపు నిరాకరింపగా, అది రాజ్యాంగవిరుద్ధమని సుప్రీముకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి నిర్ణయించెను.

ఈ తగ్గింపు తీరు చక్కగా తెలియుటకై యొక లెక్క వేయుదము. అంకెలు మేము కల్పించినవి. న్యూజెర్సీలో కాపురముండి న్యూయార్కులో పనిచేయు సోదరి యొకతె కలదనుకొనుడు. ఆమె జీతముపై న్యూయార్కు పన్ను 6,000 డాలర్లు. అదే జీతముపై న్యూజెర్సీ పన్ను 4,000 డాలర్లు. ఆమె న్యూయార్కునకు 6,000 కట్టును. న్యూజెర్సీ తన 4,000ను తగ్గింపుగా వదలుకొనును. మొత్తము 6,000తో తీరిపోవును, పదివేలు కానేరదు. అనగా రెండింటిలో నెక్కువైనది కట్టుట తప్పదు గాని, రెండును కట్టనక్కఱలేదు. ఇపుడదే సోదరి టెక్సాసునందున్నదనుకొనుడు. టెక్సాసు వేయు పన్ను సున్న. సున్నలోనుండి తగ్గింపవలసినదేమియు లేదు. న్యూయార్కు 6,000 అడిగినచో ఆ యాఱువేలును చేతినుండి పోవలసినదే. పన్ను లేని రాష్ట్రమునకు పోయితిమి గదా, ఇక పన్ను లేదని సంతోషించువా రీ సంగతిని మఱవరాదు.

టెక్సాసులో కూర్చున్నవారిని న్యూయార్కు ఎట్లు అడుగునని మీరు ప్రశ్నింపవచ్చును. సామాన్యసూత్రమును బట్టి, మనిషి యెచ్చట గూర్చుండి పనిచేసెనో అచ్చటనే సంపాదన జరిగినట్లు లెక్క. కంపెనీ కార్యాలయము కాలిఫోర్నియాలో నున్నను, ఉద్యోగిని టెక్సాసు కాపురస్థురాలై టెక్సాసునందే పనిచేసిన దినముల జీతమును కాలిఫోర్నియా అడుగదు. కాని కంపెనీ వాటాలు బహుమానముగా నిచ్చుట సాఫ్టువేరు కొలువులలో వాడుక గదా. వాటిని వాగ్దానము చేసిన దినమునుండి చేతికి వచ్చు దినమువఱకు కాలిఫోర్నియాలో నెన్ని దినములు పనిచేసితిరో, ఆ వంతున కాలిఫోర్నియా తన భాగము నడుగును. కాపురమెత్తి రెండేండ్లయినను ఆ భాగము వెన్నాడుచునేయుండును. కొలువు విరమించినవారికి మాత్ర మిట్టి బాధ లేదు. పింఛను మొదలగు వార్ధక్యపు ధనముపై, విడిచివచ్చిన రాష్ట్రము పన్ను వేయరాదని 1996లో సమాఖ్యచట్ట మేర్పడినది.

అసలు చిక్కు మఱియొకచోట నున్నది. న్యూయార్కు, పెన్సిల్వేనియా, డెలావేరు మొదలగు కొన్ని రాష్ట్రములు పై సామాన్యసూత్రమునకు నొక మెలిక పెట్టినవి. దీనిని యజమాని సౌకర్యసూత్ర మందురు. ఉద్యోగికి నిర్ణయింపబడిన కార్యస్థానము న్యూయార్కులో నున్నదనుకొనుడు. ఆమె కొన్ని దినములు అచ్చటికి పోయి పనిచేసి, తక్కిన దినములు వేఱు రాష్ట్రములోని తన యింట పనిచేసెను. ఆమె యింట నుండుట యజమాని పనికి తప్పనిసరియై జరిగినచో నది యింటి దినము. ఆమె తన సౌకర్యముకొఱకై యింటనున్నచో, ఆ దినముకూడ న్యూయార్కునందు పనిచేసిన దినముగానే లెక్క. పిల్లవాడిని చూచుకొనుటకు, అత్తగారికి మందిచ్చుటకు, అద్దె కలిసివచ్చుటకు ఇంటనుండుట ఆమె సౌకర్యమే యగును. కంపెనీవారు సరేయని సమ్మతించుట చాలదు. ఆ పని అచ్చట గాక మఱియెచ్చటను జరుగదను నంతటి యవసరము కావలెను. ఇంటిని యజమాని కార్యాలయముగా నంగీకరించుటకు న్యూయార్కు పన్నుశాఖ 2006లో నియమములు ప్రకటించినది. అందు ముఖ్యమైనది, పనికి కావలసిన ప్రత్యేకపు పరికరములో ప్రదేశమో ఆ యింటికడనే యుండుట. మామూలు కంప్యూటరు పనికి అట్టిది చూపుట దుర్లభము.

ఈ సూత్రమును న్యాయస్థానములయందు ఎదిరించినవారు లేకపోలేదు. జెలిన్‌స్కీయను న్యాయశాస్త్రాచార్యుడు న్యూయార్కు నగరములో పాఠములు చెప్పుచు, కనెక్టికటు రాష్ట్రమున న్యూహేవెనులోని తన యింట గూర్చుండి గ్రంథరచన చేసికొనుచుండెను. ఇంటి దినములకు న్యూయార్కు పన్ను అడిగెను. ఆ దినములలో ఆయన తమ గడ్డపైననే పనిచేసెను గదా యని కనెక్టికటు తగ్గింపు నీయ నిరాకరించెను. ఒక్క సంపాదనకు రెండు పన్నులు! ఆయన వ్యాజ్యమాడగా, 2003లో న్యూయార్కు ఉన్నతన్యాయస్థానము ఆయనకు ప్రతికూలముగా తీర్పు చెప్పెను; సుప్రీముకోర్టు విచారణకు గైకొనలేదు. మహమ్మారి కాలమునకు సంబంధించి ఆయన మరల వాదింపగా, 2025లో న్యూయార్కు పన్నుల ధర్మాసనము మరల నదే మాట చెప్పెను.

మన సాఫ్టువేరు కుటుంబములకు ఇంతకంటె దగ్గఱి సంగతి 2005 నాటి హకబీ వ్యాజ్యము. టెనెసీ రాష్ట్రమున కాపురమున్న కంప్యూటరు ప్రోగ్రామరు న్యూయార్కులోని సంస్థకు పనిచేయుచు, పనిదినములలో నాల్గవవంతు మాత్రమే న్యూయార్కునందుండి, తక్కిన మూడువంతులు తన యింటియందే పనిచేసెను. నాల్గవవంతు జీతమునకు పన్ను కట్టెను. న్యూయార్కు నాలుగువంతులకును అడిగెను. న్యాయమూర్తులు నలుగురు ముగ్గురుగా చీలి, న్యూయార్కు అడుగుట చెల్లునని తీర్పు చెప్పిరి. టెనెసీలో జీతముపై పన్ను లేదు గనుక తగ్గింపన్నమాటయే లేకపోయెను. ఇంటినుండి పనిచేయువాడుక నేటివలె వ్యాపింపకపూర్వమే పుట్టిన యీ తీర్పు ఇంటింటికి కొలువు వచ్చిన నేటి దినములలో నెందఱిని తాకునో మీరే యూహింపుడు.

రాష్ట్రములకును తమలో తమకు దీనినిగూర్చి కలహములున్నవి. తనవారి పన్ను న్యూయార్కు పాలగుచున్నదని న్యూజెర్సీ 2023లో దెబ్బకు దెబ్బగా నొక చట్టము చేసినది. సౌకర్యసూత్రము పాటించు రాష్ట్రములవారు న్యూజెర్సీ కంపెనీకి పనిచేసినచో వారికిని అదే సూత్రము వర్తించును. అంతేకాక, పొరుగు రాష్ట్రముపై వ్యాజ్యమాడి గెలిచి పన్ను తిరిగి తెచ్చుకొన్న తనవారికి పన్నులో కొంత తగ్గింపునుకూడ ప్రకటించినది. 2020లో మసాచుసెట్సు రాష్ట్రము, మహమ్మారికి పూర్వము తన గడ్డపై పనిచేసి యిపుడు పొరుగురాష్ట్రములో నింటనున్నవారిని పన్నడుగగా, జీతముపై పన్నులేని న్యూహాంప్‌షైరు నేరుగా సుప్రీముకోర్టునకే పోయెను. 2021 జూనులో కోర్టు ఆ వ్యాజ్యమును చేపట్టనిరాకరించెను. రాష్ట్రములన్నిటికి నొకే పద్ధతి యుండునట్లు సమాఖ్యచట్టము చేయవలెనని పలుమాఱులు బిల్లులు వచ్చినవి గాని, 2025 వఱకు నొక్కటియు చట్టము కాలేదు. పెద్దలు పోరాడుకొనుచుండగా మధ్య నలిగిపోవునది సంసారియే గనుక, జాగ్రత్తయును సంసారియే పడవలెను.

అన్ని పొరుగు రాష్ట్రములును కలహించునవి కావు. కొన్ని తమలో పరస్పరపు టొప్పందములు చేసికొన్నవి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల నడుమ నట్టి యొప్పందమున్నది. ఒకదానియందు కాపురముండి రెండవదానియందు పనిచేయువారు జీతమునకు కాపురమున్న రాష్ట్రమునకే పన్ను కట్టిన చాలును. మేరీలాండు, వర్జీనియా, కొలంబియా జిల్లాల నడుమను అట్లే. ఇలినాయికి విస్కాన్సిన్, అయోవా, మిచిగను, కెంటకీలతో నొప్పందమున్నది. కాని యొప్పందమున్నంతమాత్రమున చాలదు. ఆ మేరకు పత్రము పూరించి కంపెనీకి ఈయవలెను. లేనిచో వారు పనిచేసిన రాష్ట్రమునకే పన్ను పట్టుకొందురు. ఫిలడెల్ఫియా నగరము తన జీతపుపన్నును వేఱుగా వేయును. అది యీ యొప్పందములో చేరదు. అయినను ఆ నగరము సౌకర్యమును గాక యజమాని యాజ్ఞను చూచును. నగరము వెలుపలి యింటనే పనిచేయుమని యజమాని యాజ్ఞాపించిన దినములకు పరవూరివారినుండి ఆ పన్ను అడుగదు. ఇట్టిచోట యజమానియొక్క వ్రాతపూర్వకమైన యుత్తరువు బంగారమువంటిది.

ఇక కాపురమనగా నేమి? ఇల్లు మార్చితిమని మనము చెప్పుటచే కాపురము మాఱదు. పాత యూరిని నిజముగా విడిచి, క్రొత్త యూరిలో స్థిరపడు నుద్దేశముతో నుండవలెను. న్యూయార్కు పరీక్షాధికారులు ముఖ్యముగా నయిదు విషయములు చూతురు: ఇల్లు, వ్యాపారవ్యవహారము, గడపిన కాలము, మనసునకు ప్రియమైన వస్తువులు, కుటుంబము. నాల్గవదానిని సోదరీమణులు ప్రత్యేకముగా గమనింతురు గాక. పెండ్లి పటములు, తాతలనాటి సామానులు, నగలు ఎచ్చట నున్నవో అచ్చటనే మనసును, కాపురమును ఉన్నవని వారి యూహ. భర్త టెక్సాసున గది తీసికొని, భార్యాబిడ్డలు, దేవునిపటములు న్యూయార్కులోనే యున్నచో, అతడు టెక్సాసువాడ ననుట నమ్మించుట కష్టము. మఱియు కాపురము నిజముగా మార్చినను, న్యూయార్కులో నివాసయోగ్యమైన యిల్లొకటి నిలుపుకొని, ఏడాదిలో 183 దినములకు మించి యచ్చట నున్నచో, ఆ రాష్ట్రము నివాసిగానే పరిగణించును. అందు దినములో నొక గంట యున్నను సామాన్యముగా నది యొక దినమే. అందుచేత రాకపోకల దినచర్య వ్రాసి యుంచుకొనుట మేలు. విమానపు టిక్కెట్లు, టోలురుసుముల లెక్కలు, ఫోను బిల్లులు పాఱవేయక దాచుడు.

దంపతు లిరువురు రెండు రాష్ట్రములలో నుండుట మనవారిలో తఱచుగా జరుగుచున్నది. భర్త డల్లాసులోను, భార్య పిల్లల చదువుకొఱకు న్యూజెర్సీలోను ఉందురు. సమాఖ్యపన్నునకు జంటగా రిటర్ను వేసినను, ఇట్టివారు రాష్ట్రమునకు వేఱువేఱుగా వేయవచ్చునని న్యూజెర్సీ యనుమతించును. తొందరపడి జంటగా వేసినచో నిరువురును ఆ రాష్ట్రనివాసులుగా నొప్పుకొన్నట్లగును. భర్త డల్లాసు జీతముకూడ న్యూజెర్సీ లెక్కలోనికి వచ్చును.

ఇచ్చట నొక ముఖ్యవిషయము చెప్పవలెను. జంట రిటర్నుపై చేవ్రాలు చేసిన భార్య, అందలి పన్నంతటికిని భర్తతో సమానముగా బాధ్యురాలగును. జీతము భర్తదైనను, లెక్క భర్త వ్రాసినను, ఆమె యొక్క కాసు సంపాదింపకున్నను ఇంతే. కాలాంతరమున విడిపోయినను ఆ బాధ్యత విడువదు. ఏమియు నెఱుగక చేవ్రాలు చేసిన యిల్లాండ్రకు కొంత రక్షణ చట్టములో లేకపోలేదు గాని, దానికై అర్జీ పెట్టి, తనకు తెలియదని తానే ఋజువు చేసికొనవలెను. “వారు చూచుకొందురు లే” యను మాట మన యిండ్లలో వినయముగా చెల్లుచున్నది. పన్నుకాగితముకడ నది వినయము కాదు, ప్రమాదము. చదువుకొన్న సోదరి చదువక చేవ్రాలు చేయుట యెందులకు? అడిగి తెలిసికొనుట భర్తపై నపనమ్మకము కాదు. ఇంటిధనమును ఇరువురును కాచుటయే.

పుట్టింటికి వచ్చి రెండు మూడు నెలలు ఇచ్చటనుండియే పనిచేయువారును ఉన్నారు. వారును గమనింపవలసినది కలదు. న్యూజెర్సీ కాపురస్థురాలు గుంటూరులో తల్లికడ గూర్చుండి పనిచేసినను ఆమె కాపురము న్యూజెర్సీయే; ఆ రాష్ట్రపు పన్ను నడచుచునే యుండును. కార్యస్థానము న్యూయార్కైనచో, సౌకర్యసూత్రముచేత గుంటూరు దినములును న్యూయార్కు దినములే. ఇండియాలో నీ సంవత్సరమున 183 దినములకు మించకుండ నుండి, జీతము నిచ్చటి శాఖ గాక అమెరికా కంపెనీయే యిచ్చుచున్నచో, రెండు దేశముల యొడంబడిక ననుసరించి అమెరికానివాసికి సామాన్యముగా నిచ్చట ఆ జీతముపై పన్నుండదు. ఆ గడువు దాటి యిచ్చట పన్ను కట్టవలసివచ్చినచో, న్యూజెర్సీ వంటి రాష్ట్రము తోడి రాష్ట్రములకు కట్టినదానినే తగ్గించును గాని పరదేశమునకు కట్టినదానిని తగ్గింపదు. తల్లికడ నుండుట మానుకొమ్మని మే మనుట లేదు. తిరుగు టిక్కెట్టు తీసికొనునపుడే లెక్కయు చూచుకొమ్మనుచున్నాము.

ఇప్పుడు చేయవలసిన పనులు క్రమముగా చెప్పెదము.

కాపురము మార్చుటకు పూర్వమే కంపెనీవారికి వ్రాతపూర్వకముగా తెలుపుడు. వారు క్రొత్త రాష్ట్రమున నమోదు కావలసియుండవచ్చును. జీతములో ఏ రాష్ట్రపు పన్ను పట్టుకొనవలెనో మార్చవలసియుండును. చెప్పక మారినచో, పాత రాష్ట్రమునకే పన్ను పోవుచుండును. తరువాత దానిని తిరిగి తెచ్చుకొనుటకు రిటర్ను వేసి నెలలు వేచియుండవలెను. ఈలోగా క్రొత్త రాష్ట్రము వడ్డీతోను అపరాధరుసుముతోను అడుగును. హెచ్-1బి వీసాపై నున్నవారికి ఇది పన్నుమాట మాత్రమే కాదు. తొలుత చూపిన మహానగరప్రాంతమును దాటి పనిస్థలము మారినచో, మారుటకు ముందే సవరించిన దరఖాస్తు పెట్టవలెనని 2015లో నిర్ణయమైనది.

మీ కార్యస్థానమేదని కంపెనీ కాగితములలో వ్రాసియున్నదో అడిగి చూడుడు. ఇంటికి దగ్గఱ కంపెనీ శాఖ యున్నచో, కార్యస్థానమును నిజముగా ఆ శాఖకు మార్పించుకొనవచ్చునా యని విచారింపుడు. సౌకర్యసూత్రపు చిక్కునుండి చాలమంది కందుబాటులో నున్న దారి యిదియే.

జనవరినెలాఖరునకు కంపెనీవారు డబ్ల్యు-2 అను జీతపత్రము నిత్తురు. అందు 15వ గడిలో రాష్ట్రము పేరు, 16వ గడిలో ఆ రాష్ట్రమునకు చెందిన జీతము, 17వ గడిలో పట్టుకొన్న పన్ను ఉండును. 18 మొదలు 20 వఱకు నగరపుపన్నుల గడులు. మీరు పనిచేయని రాష్ట్రము పేరు 15వ గడిలో కనబడినను, కాపురమున్న రాష్ట్రము పేరు కనబడకున్నను వెంటనే కారణ మడుగుడు. ఏడాది నడుమ కాపురము మార్చినచో రెండు రాష్ట్రములకును పాక్షికనివాసిగా రిటర్నులు వేయవలెను.

రిటర్నులు వేయుటలో వరుస ముఖ్యము. ముందు సంపాదించిన రాష్ట్రమునకు, పిమ్మట కాపురమున్న రాష్ట్రమునకు లెక్క తయారుచేయవలెను. మొదటిదానిలో తేలిన పన్నే రెండవదానిలో తగ్గింపునకు ఆధారము. న్యూయార్కునకు ఐ.టి.-203 పత్రమును, న్యూజెర్సీకి ఎన్.జె.-1040 పత్రమును ఇట్టివారు వేయుదురు. న్యూయార్కు పత్రముతో పనిదినముల పంపకము చూపు ఐ.టి.-203-బి కూడ నుండును. మీ దినచర్య ఉపయోగపడు చోటదియే. చాల రాష్ట్రములకు ఏప్రిలు 15 గడువు. వర్జీనియాకు మే 1. కొద్దిపాటి సంపాదన గదా యని రిటర్ను వేయుటయే మానినచో, సామాన్యముగా కాలపరిమితి మొదలుకానే కాదు. వేసినవారిని కొన్నియేండ్ల తరువాత వదలిపెట్టుదురు. వేయనివారిని ఎన్నియేండ్లకైనను అడుగవచ్చును.

మేము వ్రాసినది దారి చూపుటకే గాని ప్రతి యింటి లెక్కకును తీర్పు కాదు. రెండు రాష్ట్రములు చేరిన వ్యవహారమునకు, ఆ రెండు రాష్ట్రముల చట్టముల నెఱిగిన సి.పి.ఏ.ను ఒకమాఱు సంప్రదించుటకగు వ్యయము వృథా కాదు. ఆయనకడకు దంపతు లిరువురును పోవలెనని మా సలహా.

పన్ను కట్టుట గృహస్థధర్మములలో నొకటి. బడులు, బాటలు, ఆసుపత్రులు ఆ ధనముతోనే నడచుచున్నవి. కట్టవలసినది కట్టుటకు మన సోదరీమణులు వెనుదీయరు. కాని యొక్క సంపాదనకు రెండుమాఱులు కట్టుటయు, కట్టనందుకు అపరాధరుసుము పోయుటయు తెలియమివలన గలుగు నష్టములు. క్రొత్త యూరిలో నిల్లు చూడబోవునపుడు నీరెట్లున్నది, బడి యెంతదూరము, ఇరుగుపొరుగువా రెట్టివారు అని పది ప్రశ్న లడుగుదుము. పదునొకండవదిగా “ఇచ్చట కూర్చుండి పనిచేసినచో నా జీతమును ఏ రాష్ట్రము లడుగును?” అనుదానినికూడ చేర్చుకొనుడు. దీపముండగానే యిల్లు చక్కబెట్టుకొమ్మన్నారు పెద్దలు. సామానులు పెట్టెలకెత్తక ముందే యీ ప్రశ్నకు సమాధానము సంపాదించిన యిల్లాలు తన యింటికి పెద్ద మేలు చేసినదగును.